బోరు మోటారుకూ మత్తు డాక్టరుకూ పోలికేంది?

అనంతపురం జిల్లాలో బోరు మోటారుకున్న వైభోగం ఇంకెవరికీ లేదు. పగటిపూట 9 గంటల కరెంటు. ఒక ఫేజు పోతే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు. నీళ్లు అడుగంటితే కనిపెట్టి కట్టేసే డబ్బా. నీళ్లు లేకుండా తిరిగితే వైండింగు కాలుతుందని అందరికీ తెలుసు కాబట్టి, ఆగిన మోటారును పట్టుకుని "దీనికి సేవాభావం లేదు" అని ఎవరూ తిట్టరు. మత్తు డాక్టరు సంగతి వేరు. ఆయన లోపల రాగితీగ లేదు, కాలిపోయేదేమీ లేదు. పొద్దున టౌన్లో రెండు కేసులు, మధ్యాహ్నం తాడిపత్రిలో ఒకటి, సాయంత్రం ధర్మవరంలో విరిగిన తుంటి, రాత్రికి మళ్లీ టౌను. ఇన్నింటి మీద "ఒక్కటే సార్, అరగంట పని" అని సర్జను ఫోను.

నిద్రలేమిని మద్యంతో పోల్చి చూసే దుర్బుద్ధి ఆస్ట్రేలియా పరిశోధకులు ఇద్దరికి పుట్టింది. 17 గంటలు మేలుకున్న మనిషి పనితనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాలున్న మనిషి పనితనంతో సమానమని 1997లో తేల్చారు. 24 గంటలైతే అది సుమారు 100. మన మోటారు వాహనాల చట్టం 30 దాటితేనే బండి పట్టుకుంటుంది. కాబట్టి పైన చెప్పిన డాక్టరు బెంగళూరు హైవే మీద కారు తోలడానికి పనికిరాని స్థితిలో ఉంటాడు, కానీ మీ కోడలి వెన్నులో సూది వెయ్యడానికి ఏ అడ్డూ లేదు. సప్తగిరి సర్కిల్లో పోలీసు గొట్టం పెట్టి ఊదమన్నా సున్నానే చూపిస్తుంది. నిద్రకు వాసన ఉండదు గదా.

ఇక సిజేరియన్ ముహూర్తం. పంతులుగారు తిథి, నక్షత్రం, లగ్నం అన్నీ చూసి, బిడ్డ రాజయోగాన్ని తెల్లారుజాము 4 గంటల 20 నిమిషాలకు ఖాయం చేస్తారు. మనిషి ఒంట్లోని గడియారం ప్రకారం చురుకుదనం అట్టడుగుకు దిగేది 3కూ 6కూ మధ్యే. శాస్త్రమూ శాస్త్రమూ ఇంత చక్కగా ఒక్క గడియలో కలవడం అరుదు.

ఆ గడియలో ట్రేలో రెండు ఆంపూళ్లు, అంటే మందు నింపిన చిన్న బుడ్లు, ఉంటాయి. ఒకటి వెన్నులో వేసే మత్తుమందు హెవీ బుపివకైన్, 0.5 శాతం, 4 మిల్లీలీటర్లు. అందులో రెండు మిల్లీలీటర్లు, అటూ ఇటూగా, సిజేరియన్‌కు చాలు. రెండోది రక్తస్రావం తగ్గించడానికి నరంలో వేసే ట్రానెక్సామిక్ యాసిడ్, 5 మిల్లీలీటర్లలో 500 మిల్లీగ్రాములు. రెండూ నీళ్లలాగే ఉంటాయి, కొన్ని కంపెనీల ఆంపూళ్లు కవలపిల్లల్లా కనబడతాయి. అలసిన కన్ను పేరు చదవదు, ఆకారం చూసి చెయ్యి సాగుతుంది. రెండోది వెన్నులోకి పోతే కాళ్లు మొద్దుబారవు. బదులుగా నడుములో మంట, తొడల్లో అదురు, ఆపైన ఫిట్స్, గుండె లయ తప్పడం. చాలామంది దక్కరు. దీన్ని ఆపే విద్య సిగ్గుపడేంత చవక: ట్రానెక్సామిక్‌ను స్పైనల్ ట్రే దగ్గరికే రానివ్వకుండా వేరే అల్మారాలో పెట్టడం, మందు లాగే ముందు పేరు పైకి చదివి నర్సు చేత కూడా చదివించడం, లాగిన సిరంజికి అప్పుడే లేబుల్ అంటించడం. లేబుల్ రోలు ఖర్చని కొందరు యాజమాన్యాలు ప్లాస్టరు ముక్క మీద పెన్నుతో గీయిస్తాయి. తెల్లారేసరికి ఆ ముక్క డాక్టరు చొక్కాకు అతుక్కుని ఉంటుంది.

పూర్తి మత్తు కేసుల్లో ఇంకో వేడుక ఉంది. డాక్టరు కళ్లు తెరిచే ఉంటాయి, మెదడు మాత్రం కొన్ని సెకన్లు షట్టరు దించేస్తుంది. ఆ సెకన్లలో రోగికి ఊపిరి పంపే గొట్టం, దాని రెండు పాయలు కలిసే వై ముక్క దగ్గర ఊడిందనుకోండి. వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే క్యాప్నోగ్రాఫ్ గీత వెంటనే చదునవుతుంది. వేలికి పెట్టిన ఆక్సిమీటరు మాత్రం, ఊపిరితిత్తుల్లో ముందే నింపిన ఆక్సిజన్ పుణ్యాన, నిమిషాల పాటు 99 చూపిస్తూ "అంతా బాగుంది సార్" అంటుంది. నిండు గర్భిణికైతే ఆ పుణ్యమూ త్వరగా కరుగుతుంది. అలారం మోగితే సగం నిద్రలోని వేలు తడుముకుని నొక్కేది సైలెన్స్ బటన్నే. చాలా యంత్రాల్లో అది రెండు నిమిషాల నిశ్శబ్దం ఇస్తుంది.

మందు లేదా అంటే ఉంది: 20 నిమిషాల కునుకు. కాఫీ ఒంటికి పట్టడానికి కూడా అంతే పడుతుంది కాబట్టి తాగేసి పడుకుంటే రెండూ ఒకేసారి పనిచేస్తాయి. గంట పడుకుంటే గాఢనిద్రలో లేపుతారు, ఆ మగత వదలడానికి ఇంకో పావుగంట, అరగంట కావాలి. కాబట్టి లేచీ లేవకముందే ఆంపూలు ముట్టకూడదు. వీటన్నిటికీ డ్యూటీ రూములో మంచం ఉంది. దాని మీద సెలైన్ డబ్బాలున్నాయి.

ఆసుపత్రిలో పనిచేస్తూ పై చదువు చదివే రెసిడెంట్ డాక్టర్లతో ఏకబిగిన 12 గంటలు, వారానికి 48 గంటలు మించి చేయించకూడదని కేంద్ర ప్రభుత్వం 1992లోనే కాగితం ఇచ్చింది. ఈ మొత్తం వ్యవహారంలో కడుపునిండా నిద్రపోయింది ఆ కాగితం ఒక్కటే. ఊరూరా తిరిగే ప్రైవేటు మత్తు డాక్టరుకు ఆ కాగితమూ వర్తించదు. ఆయన గంటలు ఆయనే లెక్కపెట్టుకోవాల, రాత్రి కేసు చేసినవాడికి పొద్దున వాయిదా వెయ్యగల కేసులు పెట్టకుండా సర్జనే దయ చూపాల, అత్యవసరం కాని సిజేరియన్‌ను పగటి లగ్నంలోకి జరపమని ఎవరో ఒకరు పంతులుగారిని అడగాల. పంతులుగారు కూడా మనిషే, ఎనిమిది గంటలు నిద్రపోయి లేచినవాడు, వింటాడు.

అంతవరకు 4 గంటల 10 నిమిషాలకు థియేటరు తలుపు దగ్గర జరిగేది ఇదే. ఎర్రటి కళ్లతో లోపలికి పోతున్న డాక్టరును చూసి అవ్వ గుండె దడదడలాడుతుంది.

"ఏమప్పా, సారు తాగొచ్చినాడా ఏంది?"

అటెండరు ధైర్యం చెబుతాడు.

"ఛ, తాగింటే వెనక్కి పంపిస్తాం లే అవ్వా. నిద్ర లేదంతే."