సంగీతం పీరియడ్ నాకిచ్చేయండి మేడం

నేను లెక్కల మాస్టారిని. శుక్రవారం ఆఖరి పీరియడ్‌కి టైమ్‌టేబుల్లో 'మ్యూజిక్' అని రాసి ఉంటుంది. పద్దెనిమిదేళ్లుగా ఆ పీరియడ్‌లో నేను త్రికోణమితి చెబుతున్నాను. బడిలో సంగీతం ఎలా బతకాలో చెప్పే అర్హత నాకు కాక ఇంకెవరికుంటుంది?

మొన్న స్టాఫ్‌రూమ్‌లో మా సంగీతం మేడం, "ఈ ఏడాది తల్లిదండ్రులతో, ఊళ్లో పెద్దలతో సంగీతం గురించి మాట్లాడదామనుకుంటున్నాను సార్" అన్నారు. జాలేసింది. ఆ జాలితోనే ఆవిడకీ, ఆవిడలాంటి సంగీతం టీచర్లకీ ఈ నాలుగు ముక్కలు.

ముందుగా, సంగీతం బాగుంటుందని మాత్రం ఎవరితోనూ అనకండి. బాగుండేవన్నీ ఆదివారం చేసుకోవాల్సినవని మన పేరెంట్స్ నమ్మకం. పోయినసారి మీటింగ్‌లో మేడం రాగాల గురించి పది నిమిషాలు చెప్పాక, వెనక వరసలోంచి ఒకావిడ లేచి, "అంతా బానే ఉంది గానీ మేడం, దీనికి ఎంసెట్‌లో వెయిటేజీ ఉందా?" అంది. ఆ రోజు హాల్లో చప్పట్లు పడింది ఆ ప్రశ్నకే. కాబట్టి పాట నేర్చుకుంటే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని చెప్పేయండి. నిజంగా పెరుగుతాయా అంటే, నేను రుజువు లేనిదే మాట్లాడను. మీకా ఇబ్బంది లేదు కదా.

చరిత్ర ఎత్తితే ఆచితూచి ఎత్తాలి. 1919లో విజయనగరంలో రాజావారు సంగీత కళాశాల పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాల్ అనండి. ప్రిన్సిపాల్ అంటే మన దగ్గర గౌరవం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ ప్రొఫెసర్ అయ్యారనండి. ఉద్యోగం వచ్చినట్టే కదా. ఘంటసాల అక్కడే చదువుకున్నారని కూడా అనండి. అయితే ఆ చదువు కోసం ఆయన ఇల్లిల్లూ తిరిగి మాధుకరం చేశారని మాత్రం నోరు జారకండి. "చూశారా, పాటలు నేర్చుకుంటే చివరికి అడుక్కోవడమే" అని అక్కడికక్కడే తేల్చేస్తారు.

నిజానికి మా మేడం కూడా ఇల్లిల్లూ తిరుగుతారు, ఎండాకాలం సెలవుల్లో. మా బడిలో దాన్ని అడ్మిషన్ల కాన్వాసింగ్ అంటాం. చేతిలో బ్రోషర్ ఉంటుంది. దాని అట్ట మీద వీణ వాయిస్తున్న అమ్మాయి. మా బడిలో వీణ లేదు. ఆ అమ్మాయి కూడా మా బడి పిల్ల కాదు. ఉన్నది ఒక హార్మోనియం, అదీ స్పోర్ట్స్ రూమ్‌లో పాత ఆన్సర్ షీట్ల కట్టల కింద. తీయబోతే పై నుంచి నాలుగేళ్ల యూనిట్ టెస్టులు మీద పడతాయి.

చట్టం మాటెత్తుతారా? 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వంద దాటితే కళలకు పార్ట్‌టైమ్ టీచర్ ఉండాలి. మేం తు.చ. తప్పకుండా పాటిస్తున్నాం. మేడం సంగీతానికి పార్ట్‌టైమే. మిగతా టైమంతా ఇన్విజిలేషన్, బస్ డ్యూటీ, ఎమ్మెల్యేగారొస్తే స్వాగతగీతం.

ఊళ్లో పెద్దలకు సంగీతం గిట్టదని కూడా అనకూడదు. వినాయక చవితికి డీజే పెట్టడానికి చందా అడిగితే లేదన్న గడప లేదు. మా కిటికీ అద్దాలు అదిరేది ఆ అభిమానంతోనే. శ్రుతిపెట్టె కొనాలని అడగండి, "ఈసారి పంట సరిగ్గా రాలేదండీ" అంటారు.

అసలు బడిలో సంగీతం లేదన్నదెవరు? జాతీయగీతం లేదూ? దాని స్వరాలు రాసుకున్నది మన మదనపల్లెలోనే, అదీ ఆ 1919లోనే. రోజుకి 52 సెకన్లు, ఏడాదికి 220 పనిదినాలు. 11,440 సెకన్లు. అంటే 3 గంటల 10 నిమిషాల 40 సెకన్లు. మోరల్ సైన్స్‌కి అంత కూడా రావడం లేదు, వాళ్లేమైనా గోల చేస్తున్నారా?

అయినా మేడం మొహం చూడలేక, ఈ ఏడాది నా వంతుగా సంగీతానికి రెండు శుక్రవారాలు కేటాయించాను. నేనే చెప్పాను. రి-గ జంటలు 6, ద-ని జంటలు 6, మధ్యమాలు 2, గుణిస్తే మేళకర్తలు, అంటే మూల రాగాలు, 72. పేరులోని మొదటి రెండక్షరాల్ని బట్టి రాగం నంబర్ పట్టే కటపయాది సూత్రం కూడా నేర్పాను. ఎంత అందమైన లెక్క! ఇన్నాళ్లూ దీన్ని పాటల వాళ్ల చేతిలో వదిలేశామే అనిపించింది.

గుర్తింపు రెన్యూవల్ కోసం అధికారి వచ్చింది సరిగ్గా శుక్రవారం ఆఖరి పీరియడ్‌కే. టైమ్‌టేబుల్ చూసి, మొదటి బెంచీ కుర్రాణ్ని లేపారు.

"మాయామాళవగౌళ తెలుసా బాబూ?"

"15 సార్! మా అంటే 5, యా అంటే 1, తిప్పేస్తే 15."

"ధీరశంకరాభరణం?"

"29 సార్!"

అధికారి మొహం వెలిగిపోయింది. "శభాష్. ఏదీ, ఒకసారి సరిగమలు పాడు."

వాడు నా వంక చూశాడు. నేను మేడం కోసం కిటికీలోంచి చూశాను. ఆవిడ గేటు దగ్గర విజిల్ ఊదుతూ, మూడో నంబర్ బస్సుకి పిల్లల్ని లైన్లో నిలబెడుతున్నారు.

"అది పోర్షన్‌లో లేదు సార్" అన్నాడు వాడు.