ఢిల్లీ దాకా వచ్చిన జెనీవా పొదిలి దాకా రావాలి

ఆంధ్రప్రదేశ్‌లోని పొదిలిలో పొగాకు వేలం కేంద్రం ఉంది. చుట్టుపక్కల పల్లెల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. ఈ రెండింటి తీగా జెనీవాలో కలుస్తుందంటే అక్కడి రైతుకు వింతగా అనిపించవచ్చు. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని చెప్పింది జెనీవా కేంద్రంగా పనిచేసే ప్రపంచ ఆరోగ్య సంస్థ. పొగాకు వాడకాన్ని తగ్గిస్తామని దేశాల చేత సంతకం పెట్టించిన ఒప్పందమూ ఆ సంస్థ చొరవతో పుట్టిందే.

ఆ సంస్థ ఇప్పుడు ఇరకాటంలో ఉంది. తప్పుకుంటున్నట్టు 2025 జనవరిలో అమెరికా ప్రకటించింది. 2026-27కు 530 కోట్ల డాలర్లుగా వేసుకున్న బడ్జెట్ అంచనాను 420 కోట్లకు కుదించుకోవలసి వచ్చింది. ఏ పనిని అట్టిపెట్టుకోవాలి, దేన్ని వదులుకోవాలి, ప్రాంతాలకు ఏది అప్పగించాలి అన్నది సభ్యదేశాల ముందున్న ప్రశ్న. ఆగ్నేయాసియా ప్రాంతీయ కార్యాలయం మన ఢిల్లీలోనే ఉంది. దాని ప్రాంతీయ కమిటీ ఏటా సమావేశమవుతుంది. సంస్థ రేపటి పాత్ర గురించి అలాంటి చోట మన ప్రతినిధులు ఏం చెప్పాలి? మహమ్మారులు, టీకాలు, మందుల ధరలు ఎలాగూ చర్చకు వస్తాయి, రావాలి కూడా. నా ఆందోళన అంతా ఆ జాబితాలోకి ఎక్కని వాటి గురించే.

ముందు నీళ్ళ సంగతి. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినే జబ్బు) ఉన్నట్టు ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రకటించారు. మన దేశంలో మనుషుల్లో ఈ జబ్బును గుర్తించిన తొలి నివేదికల్లో అది ఒకటి. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా (తర్వాత ప్రకాశం) ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ పుట్టకముందే మన జబ్బుకు పేరు పెట్టారు. సంస్థ 1948లో వచ్చింది. 1984 నాటి తాగునీటి మార్గదర్శకాల్లో 1.5 అన్న అంకె ఉంది. గార పట్టిన పళ్ళు, వంగని మోకాళ్ళు, నలభై దాటేసరికి ఒంగిపోయిన నడుములు మాత్రం పల్లెల్లో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

అంకె వల్ల ఏం ఒరిగింది అని అడగవచ్చు. చాలా ఒరిగింది. అంకె లేకపోతే ఊరి సర్పంచి నీటి పరీక్ష కాగితం పట్టుకుని కలెక్టరేట్ మెట్లు ఎక్కలేడు. ‘మా నీళ్ళు చప్పగా ఉన్నాయి’ అనడానికీ, ‘మా నీళ్ళలో పరిమితికి రెండింతలు ఉంది’ అనడానికీ చాలా తేడా ఉంది. మొదటిది గోడు, రెండోది హక్కు. డబ్బు కట్టే దేశాల ముఖం చూడకుండా ఇలాంటి ప్రమాణాలు తేల్చి చెప్పే పని మరే సంస్థా చేయలేదు. బడ్జెట్ ఎంత కుదించినా ఈ పని మీద కత్తెర పడకూడదు.

అయితే ఆ 1.5ను ఏ దేశమూ కళ్ళు మూసుకుని ఎత్తి రాసుకోకూడదు. జనం ఎంత నీరు తాగుతారో, ఇతర ఆహారం ద్వారా ఎంత ఫ్లోరైడ్ అందుతుందో చూసుకుని దేశాలు సొంత పరిమితి పెట్టుకోవాలని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. మే నెల ఎండలో కనిగిరి పొలంలో పనిచేసే కూలీ తాగే నీరు, చల్లని దేశంలో గదిలో కూర్చున్న ఉద్యోగి తాగే నీటికి ఎన్ని రెట్లో లెక్క వేయనక్కర్లేదు. మన దేశపు ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఆ తేడాను కొంత గుర్తించింది. 1.0 ఉంటే ఆమోదయోగ్యం, వేరే నీటివనరు లేనప్పుడు మాత్రం 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు అంది. సాగర్ కుడి కాలువ చివరన, వెలిగొండ ప్రాజెక్టు నీటి కోసం దశాబ్దాలుగా కాచుకున్న పల్లెల్లో ఆ ‘వేరే వనరు లేనప్పుడు’ అన్న మినహాయింపే శాశ్వత నియమమై కూర్చుంది. ప్రాంతీయ చర్చ అంటూ ఒకటి ఉన్నందుకు ఇక్కడే అర్థం ఉంది. ఎండ దేశాల కూలీ శరీరాన్ని లెక్కలోకి తీసుకున్న అంకెను ఈ ప్రాంతమంతా కలిసి తేల్చుకోవచ్చు.

ఇక పొగాకు. దీని మీద నాకు రెండు మనసులు లేవు. పొగాకు మన దేశంలో ఏటా పదమూడు లక్షలకు పైగా ప్రాణాలు తీస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. దాని వాడకం తగ్గాల్సిందే. భారతదేశం 2004 ఫిబ్రవరిలో పొగాకు నియంత్రణ ఒప్పందాన్ని ఆమోదించింది. 2005 ఫిబ్రవరి 27 నుంచి అది అమల్లోకి వచ్చింది. పన్నులు, ప్యాకెట్ల మీద బొమ్మలు, ప్రకటనల మీద నిషేధం అందరికీ తెలిసినవే. అదే ఒప్పందంలో 17వ అధికరణం ఒకటుంది. పొగాకు పండించేవారికి, అందులో పనిచేసేవారికి గిట్టుబాటయ్యే వేరే జీవనోపాధి చూపడానికి దేశాలు పరస్పరం, అంతర్జాతీయ సంస్థలతోనూ కలిసి పనిచేయాలని అది చెబుతుంది. సాగులో పర్యావరణాన్ని, మనుషుల ఆరోగ్యాన్ని కాపాడాలని చెప్పేది 18వ అధికరణం. ఒప్పందంలో మన జిల్లాల మనుషులు ముఖ్యంగా కనిపించేది ఈ రెండు చోట్ల. పొగాకు వేలం కేంద్రాల గేట్ల దగ్గర నిలబడి ఈ అధికరణాల పేరు విన్నారా అని అడిగితే ఎంతమంది అవునంటారు?

రైతు పొగాకును ఎందుకు వదలడో ఊరికి వెళ్తే తెలుస్తుంది. బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) కట్టడానికి అప్పు చేసి ఉంటాడు, లేదా కౌలుకు తీసుకుని ఉంటాడు. ఆ మట్టిలో, ఆ వానలకు నిలబడి, వేలంలో ఖరీదుదారు కనిపించే పంట ఇంకొకటి అతని ఎరుకలో లేదు. శనగ వేసి, ధర లేక శీతల గిడ్డంగుల్లో సరుకు పెట్టి వడ్డీలు కట్టిన ఏళ్ళు అతనికి గుర్తే. అలాగని పొగాకు అతన్ని కాపాడిందా? వేలంలో ఏ కంపెనీ పాడని బేలును, అంటే ఆకు కట్టను, ‘నోబిడ్’ అంటారు. దాన్ని రైతు తిరిగి ఇంటికి మోసుకుపోవాలి. 2015లో ధరలు కూలి ప్రకాశం జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2025లో నల్ల బర్లీ రకం పొగాకును అడిగేవారు లేక, కొనడానికి ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సమాఖ్య మార్క్‌ఫెడ్‌ను దించవలసి వచ్చింది. పచ్చి ఆకును అల్లే ఆడవాళ్ళ సంగతి ఇంకా వేరు. తడి ఆకు నుంచి నికోటిన్ చర్మంలోకి దిగి తల తిప్పుతుంది, వాంతులవుతాయి. సిగరెట్ ముట్టకుండానే నికోటిన్ విషానికి గురయ్యేది వీళ్ళు. ఆ ఇబ్బందిని ఆరోగ్య సమస్యగా రాసుకున్న రికార్డును మా ప్రాంతంలో నేనెక్కడా చూడలేదు.

కెన్యాలోని మిగోరి ప్రాంతంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆహార కార్యక్రమం కలిసి 2022లో ఒక పని మొదలుపెట్టాయి. పొగాకు మానుకునే రైతులకు ఇనుము ఎక్కువగా ఉండే చిక్కుడు గింజల విత్తనం ఇచ్చి, సాగు నేర్పి, పండిన గింజలకు ఆహార కార్యక్రమాన్నే ఖరీదుదారుగా నిలబెట్టాయి. ఇందులో కీలకం ఆ చివరిదే. మన దగ్గర ప్రత్యామ్నాయ పంటల మీద సదస్సులు చాలానే జరుగుతాయి, కొనేవాడి పేరు మాత్రం ఎవరూ చెప్పరు. కందులు, సజ్జలు, శనగలు పండిస్తే హాస్టళ్ళకు, అంగన్వాడీలకు నేరుగా కొంటామని రాష్ట్రం మాట ఇస్తే, బ్యారన్ అప్పు తీరడానికి కేంద్రం కొంత మోస్తే, ఆ లెక్కను ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్కన నిలబడి కొలిస్తే, పొదిలి ఇంకో మిగోరి ఎందుకు కాకూడదు?

దీనికి ఒక అడ్డంకి ఉంది, దాన్ని దాచకూడదు. విధాన నిర్ణయాల్లో పొగాకు పరిశ్రమ జోక్యాన్ని ఆ ఒప్పందంలోని 5.3 అధికరణం అడ్డుకుంటుంది. అది అవసరమే. రైతుల పేరుతో నడిచిన అంతర్జాతీయ సంఘం వెనక కంపెనీల సొమ్ము ఉండడం పత్రాలతో బయటపడిన విషయం. కానీ ఆ జాగ్రత్త చివరికి రైతుకే గోడ అయింది. 2016 నవంబరులో ఒప్పంద దేశాల ఏడో సమావేశం గ్రేటర్ నోయిడాలో జరిగినప్పుడు పొగాకు రైతులు బయట నిరసన తెలిపారు. లోపల వారికి చోటు లేదు. కంపెనీ మనిషిని, నాలుగు ఎకరాల కౌలు రైతును ఒకే గాటన కట్టిన నియమం న్యాయం కాదు. వేరుచేసి గుర్తించడం కష్టమేమీ కాదు. ఎవరికి ఏ బ్యారన్, ఎంత విస్తీర్ణం అన్న నమోదు పొగాకు బోర్డు దగ్గర ఉంది. ఆకు అల్లే కూలీల పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండవు కనుక వాళ్ళ దగ్గరికి వెళ్ళే వినాలి.

డబ్బు మాట కూడా ఒకటి. సభ్యదేశాలు తప్పనిసరిగా కట్టే చందా సంస్థ ఆదాయంలో అయిదో వంతు కూడా ఉండేది కాదు. మిగతాది దాతలు ఫలానా పనికే అని ముడివేసి ఇచ్చేది. 2030-31 నాటికి మూల బడ్జెట్‌లో సగం చందాలతోనే నడవాలని 2022లో నిర్ణయించారు. మన దేశం దీన్ని గట్టిగా బలపరచాలి. కనిగిరి నీళ్ళ మీద, పొదిలి కూలీల మీద ముడివేసి డబ్బిచ్చే దాత ఎక్కడా పుట్టడు.

ప్రాంతీయ కమిటీకి వెళ్ళే మన ప్రతినిధుల సంచిలో ఈసారి మూడు కాగితాలు ఉండాలని నా కోరిక. ఎండలో పనిచేసేవారు నిజంగా ఎంత నీరు తాగుతారో కొలిచిన లెక్క ఒకటి. ఆకు అల్లే ఆడవాళ్ళ ఆరోగ్య పరీక్షల నివేదిక ఒకటి. బ్యారన్ వదిలేస్తే ఏం కావాలో రైతులు వేలం కేంద్రంలో కూర్చుని చెప్పిన మాటల పత్రం ఒకటి. మూడూ ఇంకా తయారు కావలసినవే. ఈ వేలాల కాలంలోనే మొదలుపెట్టవచ్చు. రైతులు, కూలీలు ఎలాగూ అక్కడే ఉంటారు.