భర్త వేలికి సూది ఎప్పుడు?

నెలనెలా 9వ తేదీన గర్భిణుల పరీక్షల రోజు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికైనా వెళ్లి చూడండి. లోపల బెంచీల మీద ఆడవాళ్లు. బయట వేపచెట్టు కింద స్టాండు వేసిన బైకులు, వాటి మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటున్న మొగుళ్లు. లోపల ఆమె వేలు గుచ్చి హెచ్‌ఐవీ పరీక్ష చేస్తారు. బయట ఉన్నాయన్ని ఎవరూ పిలవరు. మన దగ్గర ఆయన వంతు వచ్చేది ఆమెకు పాజిటివ్ అని తేలాకే. అదీ ఆయన వస్తేనే.

జబ్బు తగ్గిపోయిందిగా, ఇప్పుడీ గొడవేంటి అనొచ్చు. తగ్గిన మాట నిజమే. అయినా 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్లలో 0.67 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంది. దేశ సగటుకు అది మూడు రెట్లు.

ఇక్కడ అసలు చిక్కు వరసతోనే. ముందు ఎవరి రక్తంలో తేలితే జబ్బు వాళ్లదే అంటుంది ఊరు. కోడలికి ఐదో నెలలో తేలింది, కొడుక్కి పరీక్షే కాలేదు. ఇక అత్తగారి లెక్కలో 'పెద్ద జబ్బు' ఇంటికి తెచ్చింది ఎవరు? పెళ్లయిన ఆడవాళ్లలో ఎక్కువమందికి అది భర్త నుంచే వస్తుందని ఏ కౌన్సెలర్‌ను అడిగినా చెబుతారు. కానీ కాగితం మీద మొదటి పేరు ఆమెది. ఇద్దరినీ పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టి, ఒకేసారి రక్తం తీసి, ఒకేసారి ఫలితం చెబితే ఈ మొదటి పేరంటూ ఉండదు.

ఇంకో భ్రమ కూడా పోతుంది. 'మా ఆవిడకి లేదన్నారు, అంటే నాకూ లేనట్టే' అని ధీమాగా తిరిగే మగాళ్లు ఊరికి పదిమంది. ఒకే మంచం మీద పడుకునే ఇద్దరిలో ఒకరికి ఉండి, ఇంకొకరికి ఏళ్ల తరబడి లేకపోవడం మామూలే. అలాంటి 1,763 జంటల మీద చెన్నై, పుణెలతో సహా తొమ్మిది దేశాల్లో జరిగిన పరిశోధన 2011లో తేల్చిందేమిటి? ఉన్నవాళ్లు ముందుగానే మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకే ముప్పు 96 శాతం తగ్గింది. మందులు సర్కారువే, ఉచితమే. ఎవరు మింగాలో తెలియాలంటే ముందు ఇద్దరికీ పరీక్ష జరగాలి కదా!

ఇద్దరినీ కలిపి పిలిస్తే ఆడదానికే దెబ్బలు పడతాయని కొందరి భయం. ఉత్త భయం కాదది. 2017 హెచ్‌ఐవీ చట్టం కూడా హింస జరిగే అవకాశముంటే భర్తకు చెప్పొద్దంటోంది, సమ్మతి లేకుండా పరీక్షే వద్దంటోంది. కాబట్టి జంట పరీక్షకు ఒప్పుకోవడానికి ముందు ఆమెతో విడిగా మాట్లాడాలి, వద్దంటే వదిలేయాలి. అలాగని ఇప్పుడు ఆమె ఒక్కతే చీటీ పట్టుకుని ఇంటికెళ్లి చెప్పుకుంటున్నప్పుడు పడుతున్న దెబ్బల సంగతో?

నిజానికి ఇది హెచ్‌ఐవీ ఒక్కదానితో పోయే జాడ్యం కాదు. మన ఆరోగ్య శాఖకు కుటుంబం అంటే ఆడమనిషి ఒళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కడుపు కోయించుకుని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. అంతకన్నా తేలికైన వేసెక్టమీ చేయించుకున్న భర్తలు ఒక్క శాతం కూడా లేరు. పిల్లలు పుట్టకపోతే మొదటి పరీక్ష ఎవరికో మీకు తెలుసు. మగాడు రాడు అంటారు. పిలిచిందెప్పుడు? రువాండాలో గర్భిణితో పాటు భర్తనూ పరీక్షకు రమ్మనడం ఆనవాయితీ చేశారు. అక్కడ ఎక్కువమంది మగాళ్లు వస్తున్నారు.

మనవాళ్లను పిలవాలంటే పగలు పదింటికి, పని రోజున కాదు. మేస్త్రి పనికి బెంగళూరు వెళ్లినవాడు, లారీ మీద ఉన్నవాడు ఊళ్లో దొరికేది సంక్రాంతికే. కనుమ మర్నాడు సాయంత్రం ఆరోగ్య కేంద్రం తలుపులు తీసి పెట్టండి. షుగరు, బీపీ, హెచ్‌ఐవీ అన్నీ కలిపి 'ఆలుమగల పరీక్షలు' అని ముందురోజే దండోరా వేయించండి. ఆశా కార్యకర్త ఇంటికెళ్లినప్పుడు ఆమెతో పాటు ఆయన పేరు కూడా పిలవాలి, బండి స్టాండు వేసి లోపలికి రమ్మని.