ఉచిత తూకపు సేవ

రైల్వే స్టేషన్లలో రంగు దీపాలు తిరిగే తూకం యంత్రాలు కనుమరుగవుతున్నాయని కొందరు బెంగపడుతున్నారు. అనవసరం. ఆ యంత్రం నాణెం వేస్తేనే పలికేది. పైగా బరువు ఒకవైపు, జోస్యం ఇంకోవైపు అచ్చువేసి ఇచ్చేది. పెళ్లింట్లో చెప్పులు విప్పకముందే ఎదురొచ్చే పిన్ని పైసా పుచ్చుకోకుండా రెండూ ఒకే గుక్కలో చెబుతుంది: "బాగా ఒళ్లు చేశావే! ఇలాగైతే రేపు నిన్నెవరు చేసుకుంటారు?"

వింటున్నది ఎనిమిదో తరగతి పిల్ల.

ఈ సేవ విలువ తెలియని వైద్యులున్నారు. ఈడొచ్చే వయసులో ఆడపిల్లల ఒంట్లో కాస్త కొవ్వు చేరడం సహజమట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో 5 నుంచి 19 ఏళ్ల వారికి, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరుగా, నెలల లెక్కన ఎదుగుదల పట్టికలు వేసింది. ఎంత వృథా ప్రయాస! మన మామయ్య జబ్బ పట్టి నొక్కి తేల్చేస్తాడు. ఆయన వైద్యుడు కాడుగా అంటారేమో. ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చూసే కొలత బీఎంఐ; దానికి మూలమైన సూత్రం కట్టిన క్వెట్లే కూడా వైద్యుడు కాడు, బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త.

అమెరికా పిల్లల వైద్యుల సంఘమైతే 2016లో ఇంట్లో బరువు ఊసే ఎత్తవద్దని సలహా ఇచ్చింది. వేళాకోళానికి గురైన పిల్లల్లో తిండి మానేయడం, ఆపుకోలేక అతిగా తినడం కనిపిస్తున్నాయట. పాపం, వాళ్లకు మేనత్తలు లేరు కాబోలు.

మనవాళ్లకు పక్షపాతమూ లేదు. ఇంటర్ చదివే అబ్బాయి కనబడితే "చీపురుపుల్లలా ఉన్నావేమిట్రా, మీ అమ్మ అన్నం పెట్టడం లేదా?" అని తల్లీకొడుకులిద్దరినీ కలిపి తూచేస్తారు. "సరిగ్గా ఉన్నావు" అనే తీర్పు మాత్రం నా చెవిన ఇంతవరకు పడలేదు.

ఇక భోజనాల బంతి. అదే పిన్ని, అదే చేత్తో, నెయ్యి కారుతున్న రెండో బొబ్బట్టు ఆకులో పడేస్తుంది. వద్దంటే "ఈ వయసుకే డైటింగా?" తింటే, పక్కావిడకు కనుసైగ.

మొన్న పెళ్లిలో ఆ పిల్ల బంతిలో కూర్చోలేదు. కడుపునొప్పి అంది. ఫొటోల వేళకు చున్నీ నిండుగా కప్పుకుని స్తంభం చాటుకు తప్పుకుంది. పిన్ని మురిసిపోయింది: "చూశారా, ఒక్క మాటకే ఎలా దారికొచ్చిందో!"

తర్వాత ఆల్బం తిరగేస్తూ నొచ్చుకుంది కూడా. "ఇదేమిటే, ఒక్క ఫొటోలోనూ నువ్వు లేవు?"