సామర్లకోట చిత్రకారులకు చోటేది?

తెలుగు నేల చిత్రకళ అనగానే లేపాక్షి, నిర్మల్, కలంకారీ గుర్తొస్తాయి. సామర్లకోట పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. ఇది నాకు బాధ కలిగించే విషయం.

ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781లో అక్కడికి వచ్చాడు. 1793లో కలకత్తా బొటానిక్ గార్డెన్‌కు వెళ్లేదాకా చుట్టుపక్కల మొక్కలు సేకరిస్తూ, ఇక్కడి చిత్రకారులను పెట్టుకుని వాటిని గీయించాడు. ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే పేరుతో 1795 నుంచి 1820 వరకు లండన్‌లో 300 ప్లేట్లతో (అచ్చు బొమ్మలతో) వచ్చిన మూడు సంపుటాలకు పునాది ఆ పనే. మోదుగ, తాటి, సోమిద అందులో ఉన్నాయి.

ఆ బొమ్మల పద్ధతి చూడండి. తెల్ల కాగితం మీద ఒక కొమ్మ. వెనక ఆకాశం లేదు, కింద నేల లేదు. అడుగున రేకులు, కేసరాలు, అండాశయం విడదీసి వరసగా పెడతారు. కేసరాల లెక్క ఒక్కటి తప్పినా బొమ్మ పనికిరాదు. అయితే కొమ్మను ఎటు వంచాలి, ఏ ఆకు వెనక వైపు చూపించాలి, ఎంత ఖాళీ వదలాలి? వీటికి వృక్షశాస్త్రం జవాబు చెప్పదు. అక్కడ పనిచేసింది పూర్తిగా చిత్రకారుడి కన్నే. ఇది కళ కాదంటే నేను ఒప్పుకోను.

శాస్త్రం కోసం గీసిన బొమ్మ కళను ఎంత దూరం తీసుకెళ్తుందో తాజ్‌మహల్ గోడలే చెబుతాయి. యూరప్ మూలికల గ్రంథాల్లోని మొక్కల బొమ్మలు జహంగీర్ ఆస్థానానికి చేరాయి. మొక్కను ఒంటరిగా, నిటారుగా నిలబెట్టే ఆ తీరు అక్కడి చిత్రకారులకు నచ్చింది. 1620లో కశ్మీర్‌లో ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ వందకు పైగా పూలు గీశాడని జహంగీరే రాసుకున్నాడు. షాజహాన్ కాలానికి అదే మొక్క పాలరాతి మీదికి, పుస్తకాల అంచుల్లోకి, బట్టల మీదికి ఎక్కింది.

మన్సూర్ పేరు మిగిలింది. రాక్స్‌బర్గ్ దగ్గర పనిచేసినవాళ్ల పేర్లు దాదాపుగా పోయాయి. కానీ అలా జరిగి తీరాలన్న రూలేమీ లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో రాబర్ట్ వైట్ అనే వృక్షశాస్త్రవేత్తకు బొమ్మలు గీసిన రంగయ్య, గోవిందుల పేర్లు నిలిచాయి. రంగయ్య పేరు మీద రుంగియా అనే మొక్కల ప్రజాతి ఉంది. గోవిందు పేరును వైట్ ఒక ఆర్కిడ్‌కు పెట్టాడు, తర్వాత దాన్ని వేరే ప్రజాతిలో కలిపేశారు.

లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లో రాక్స్‌బర్గ్ గీయించిన చిత్రాలు దాదాపు 2,500 ఉన్నాయి. వాటిని రాక్స్‌బర్గ్ చిత్రాలనే పిలుస్తున్నారు. మన ఫైన్ ఆర్ట్స్ కాలేజీలు వాటి నకళ్లు తెప్పించి క్లాసులో పెట్టాలి. సామర్లకోటలో గీసినట్టు తేలిన ప్రతి బొమ్మ కిందా ‘సామర్లకోట చిత్రకారుడు, పేరు తెలియదు’ అని రాయాలి.