కీబోర్డన్నను ప్రభుత్వమే స్వాధీనం చేసుకోవాలి

నల్లగొండ గడియారం సెంటర్ నుంచి పాలమూరు దాకా ఏ ఊళ్లో స్టేజీ కట్టినా, ఓ మూలన సౌండ్ బాక్సుల పక్కన కీబోర్డు వాయిస్తూ ఒకాయన కనిపిస్తాడు. ఆయనకో పేరుంది గానీ అది ఎవరికీ అవసరం పడలేదు. అందరికీ కీబోర్డన్నే. పెళ్లిపత్రికలో మూడేళ్ల మేనల్లుడి పేరు కూడా అచ్చయ్యే ఈ జిల్లాల్లో, ముప్ఫై ఏళ్లుగా స్టేజీ మీదున్న మనిషి పేరు ఒక్క ఫ్లెక్సీకీ ఎక్కకపోవడం మామూలు ఘనత కాదు. ఇంత గుట్టుగా ప్రజాసేవ చేస్తున్న వ్యక్తిని ప్రైవేటు రంగానికి వదిలేయడం తీరని నష్టమని ఈ వ్యాసకర్త దృఢాభిప్రాయం. ఆయన్ని ప్రభుత్వం వెంటనే స్వాధీనం చేసుకోవాలి.

అర్హతల మాటకొస్తే, మొట్టమొదటిది ఎదుటివాడి తప్పును నెత్తినేసుకోవడం. రిసెప్షన్‌లో పెళ్లికొడుకు మేనమామ మైకు అందుకుంటాడు. మేనమామ మాజీ ఎంపీటీసీ కూడా. పల్లవి ఒక శ్రుతిలో ఎత్తుకుంటాడు, రెండోసారి అదే పల్లవి ఇంకో శ్రుతిలో పాడతాడు, చరణానికి వచ్చేసరికి అసలు శ్రుతితో పనేముందనే నిర్ణయానికొస్తాడు. కీబోర్డన్న ముఖంలో కండరం కదలదు. ఎడమచెయ్యి మాత్రం మెల్లగా, శ్రుతిని మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ మీదికి పోతుంది. ఆ బటన్‌తో పన్నెండు మెట్లు పైకీ, పన్నెండు మెట్లు కిందికీ పోవచ్చు. మేనమామ ఇంకా దూరం పోగలడు, అది కీబోర్డు చేసిన యమహా వాళ్లు ఊహించని సంగతి. పాటయ్యాక మేనమామ మైకులోనే అంటాడు: "కీబోర్డు జర అటిటు అయింది గానీ, పాటైతే మంచిగనే వచ్చింది." కీబోర్డన్న లేచి చేతులు జోడించి, "నాదే తప్పు సార్" అంటాడు. స్టేజీ మీద నిలబడి ఈ మూడు ముక్కలు అనగలిగిన మనిషి మనకు ఇంకొకరెవరైనా ఉన్నారా?

రెండోది పరిపాలనా దక్షత. ఒకప్పుడు ఆర్కెస్ట్రా అంటే వ్యాన్ నిండా మనుషులు. ఫ్లూటు, వయొలిన్, తబలా, డోలక్, కాంగో, అకార్డియన్, అవసరమైతే సన్నాయి. కీబోర్డన్న 61 మెట్ల పెట్టె ఒకటి తెచ్చి వాళ్లందరినీ ఇంటికి పంపాడు. ఎడమచేత్తో రెండు మూడు మెట్లు కలిపి నొక్కి ఒక కార్డ్ పట్టుకుంటే చాలు, డ్రమ్ములూ బేసూ వాటంతటవే మొదలవుతాయి. ఏ శాఖలోనైనా ఇంత తక్కువ గొడవతో సిబ్బందిని తగ్గించిన అధికారి ఉంటే చూపించండి. 1991లో వచ్చిన జనరల్ మిడి అనే ప్రమాణం ప్రకారం ఇలాంటి పెట్టెల్లో 128 శబ్దాలకు నంబర్లు ఖరారయ్యాయి. సన్నాయికి 112. తరతరాల మేళానికి ఒక నంబరు కేటాయించి, ఆ సంగతి వాయించేవాళ్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు. అదే జాబితాలో 126 హెలికాప్టర్, 127 చప్పట్లు. ముందు హెలికాప్టర్, ఆ వెంటనే చప్పట్లు! ఈ వరుస రాసినవాళ్లు మన ఎన్నికల సభ ఎక్కడో చూసే ఉంటారు. 128 తుపాకీ మోత. దాని గురించి ఇక్కడ మాట్లాడుకోవద్దు.

గమకాలు పలకవని ఆకాశవాణి 1940లో హార్మోనియంను బయట పెట్టింది, 1971 దాకా లోపలికి రానివ్వలేదు. దాని మనవడైన కీబోర్డు ఇప్పుడు స్వరాన్ని వంచే పిచ్ బెండ్ చక్రం తిప్పి, రాగంలో లేని గమకాలు కూడా పలికిస్తున్నాడు. ఎవరూ నిషేధించలేదు. పెద్దాయన చేసిన పాపమేమిటో మరి.

మూడో అర్హతకు రుజువు 2016 అక్టోబర్ 11. ఆ రోజు నల్లగొండ జిల్లా మూడైంది, పాలమూరు నాలుగైంది, తర్వాత నారాయణపేట కూడా విడిపోయింది. "జిల్లాలోనే నంబర్ వన్" అని బ్యానర్ కట్టుకునే ఆర్కెస్ట్రాలు సూర్యాపేటలో ఒకటి, వనపర్తిలో ఒకటి, గద్వాలలో ఒకటి పుట్టుకొచ్చాయి. అన్నింట్లోనూ కీబోర్డు దగ్గర కూర్చున్నది ఈయనే. సంచిలో నాలుగు రంగుల చొక్కాలుంటాయి. బ్యానర్ చూసి చొక్కా మారుస్తాడు. కండువా మార్చి అదే కుర్చీలో కూర్చునే విద్య ఈ నేల మీద కొత్తదేమీ కాదు గానీ, దానికి పత్రికా సమావేశం పెట్టకుండా చేసింది మాత్రం ఈయనొక్కడే.

చట్టం కూడా ఆయన పక్షానే ఉన్నట్టు కనిపిస్తుంది. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ పెళ్లి ఊరేగింపులో, పెళ్లి వేడుకల్లో పాటలు వాయిస్తే తప్పు లేదంటుంది. పార్లమెంటు బారాత్ గురించి కూడా ఆలోచించింది, చూడండి. వాయించినవాడికి పైసలెప్పుడివ్వాలన్నది ఆలోచించేలోపు సభ వాయిదా పడి ఉంటుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పదికి మైకు ఆపాలి. పదిన్నరకు కానిస్టేబుల్ వస్తాడు. ఆయనా ఒక పాట పాడి పోతాడు. దానికీ ట్రాన్స్‌పోజే.

ఇప్పుడు అసలు అర్హతకొద్దాం. ఈమధ్య పాటగాళ్లు పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ తెచ్చుకుంటున్నారు. అన్నీ అందులోనే ఉంటాయి, కీబోర్డుతో సహా. "అన్నా, నువ్వు ఊకె కూసో, వీడియోల నిండుగ కనబడ్తది" అని ఆర్గనైజర్ సగం బయానా చేతిలో పెడతాడు. వైరు పెట్టని కీబోర్డు మీద ఆయన రాత్రంతా వేళ్లాడిస్తాడు, అదీ ఒక్క మెట్టు తప్పకుండా. బాధ లేదా అన్నా అంటే, "సన్నాయి వాయించే కాక ఆనాడు నా పెట్టె దిక్కు ఇట్లనే చూసిండు తమ్మీ" అని మూత బిగించాడు. ఈ వైరాగ్యం సంగతి అట్లుంచితే, శబ్దం లేకుండా, పని లేకుండా, స్టేజీ మీద గంభీరంగా కూర్చోగలగడం సలహాదారు పదవికి కావలసిన పూర్తి అర్హత. కేబినెట్ హోదా ఇవ్వడమొక్కటే మిగిలింది.

స్వాధీనం చేసుకుంటే ఖజానా మీద భారమేమీ పడదు. జీతం ఆయన అడగడు, బాకీలు వసూలు చేసి పెడితే చాలు. "లెక్కలు తేలినంక ఇస్తం" అన్న పెళ్లివాళ్లు మళ్లీ పిలిచేది పిల్ల పుట్టాక ఇరవై ఒకటో దినానికి. పాత బాకీనే కొత్త బయానా అనుకోమంటారు.

భోజనం విషయంలో మాత్రం న్యాయ విచారణ తప్పదు. పాటల మధ్య విరామంలో పోతే "ముక్కలన్నీ గంజు అడుగున ఉన్నయ్, జర ఆగన్నా" అంటారు క్యాటరింగ్ పిల్లలు. ప్రోగ్రాం అయ్యాక పోతే "ముక్కలన్నీ పైననే ఉండె అన్నా, అప్పుడే అయిపోయినయ్" అంటారు. ఈ రెండు వాంగ్మూలాల నడుమ ముప్ఫై ఏళ్ల బగారన్నం ఉంది. ఏకసభ్య కమిషనైనా ఫర్వాలేదు, ఆ సభ్యుడు మాత్రం మొదటి బంతిలో తినొచ్చినవాడై ఉండకూడదు.