డోలును రొద అనుకునే మైకులు

వరంగల్ దగ్గరి ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గుకథను (డోలు, తాళాలతో చెప్పే తెలంగాణ జానపద కథాగానం) చిత్రీకరించిన మిత్రుడొకరు ఆ రికార్డింగును నాకు వినిపించారు. కథకుడి మాట అక్షరమక్షరం తెలుస్తోంది. డోలు మాత్రం నీళ్లలో మునిగి తేలుతున్నట్టుంది. తాళాల మోత ఆరంభంలోనే తెగిపోతోంది. మైకు చెడిపోలేదు. అందులోని కృత్రిమ మేధ మనిషి గొంతును ఉంచి మిగిలినదంతా తుడిచేసింది, అంతే.

హనుమకొండ, వరంగల్ యూట్యూబ్ ఛానళ్ల వారి కాలర్లకు ఇప్పుడు కనిపించే వైర్‌లెస్ మైకుల్లో చాలావాటికి ఈ శబ్ద నివారణే పెద్ద ఆకర్షణ. బస్టాండులో ఇంటర్వ్యూకు అది నిజంగా వరమే. కానీ మాటకు, రొదకు తేడా నేర్చుకున్న ఈ వ్యవస్థలకు దరువు ఏమిటో తెలియదు. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య ఒగ్గుకథ విన్నవారికి తెలుసు, అక్కడ డోలు కూడా కథ చెబుతుంది. దాన్ని తీసేస్తే మిగిలేది సగం కథే.

కొత్తవాటిలో నేను మనస్ఫూర్తిగా మెచ్చేది 32 బిట్ ఫ్లోట్ రికార్డింగు. గుసగుసనూ డోలు దెబ్బనూ ఒకే అమరికలో పట్టుకుని, తర్వాత తీరిగ్గా సరిచేసుకోవచ్చు. అయితే మైకులోని పలుచని పొరే ఆ దెబ్బకు తట్టుకోలేకపోతే ఏ బిట్లూ కాపాడలేవు. అందుకే కొనేటప్పుడు ముందుగా చూడవలసింది అది ఎన్ని డెసిబెల్స్ (ధ్వని తీవ్రతను కొలిచే ప్రమాణం) వరకు తట్టుకుంటుందన్న సంగతి. ఈ అంకెను పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేయరు, అడిగి తెలుసుకోవాలి.

దూరం సంగతి ఇంకా ముఖ్యం. ఆరుబయట దూరం రెట్టింపైతే ధ్వని సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. చుట్టూ ఉన్న జనం సద్దు మాత్రం తగ్గదు. జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ 1962లో రూపొందించిన ఎలక్ట్రెట్ పద్ధతితో (విద్యుదావేశాన్ని చాలాకాలం నిలుపుకునే పొరతో) పనిచేసే మామూలు తీగ మైకును వాద్యానికి దగ్గరగా పెడితే, దూరాన నిలబెట్టిన ఖరీదైన మైకు కంటే మంచి ధ్వని ఇస్తుంది. ఇక బ్లూటూత్ హెడ్‌సెట్‌తో ప్రత్యక్ష ప్రసారం వద్దనే చెబుతాను. వాటి మైకు వాడేటప్పుడు నడిచే కాల్ పద్ధతిలో అవి చాలావరకు 8 వేల హెర్ట్జ్ పైనున్న సన్నని, హెచ్చు స్థాయి ధ్వనిని పంపవు. తాళాల మెరుపు ఆ పైన కూడా చాలా ఉంటుంది.

జానపద కళలను భద్రపరిచే సంస్థలు మైకులు కొనేముందు గదిలో మాట్లాడి చూడటం మానాలి. ఒగ్గు బృందాన్ని పిలిపించి, పారితోషికమిచ్చి, ఆరుబయట వాయింపజేసి వినాలి. నివారణ లేని మూలధ్వనిని విడిగా దాచడం తప్పనిసరి చేయాలి. మా మిత్రుడి దగ్గర ఆ రాత్రి మూలధ్వని లేదు. వచ్చే సంక్రాంతికి డోలు పక్కన ఒక తీగ మైకు పెట్టి, ఆ కథనే మళ్లీ చెప్పమని అడగాలనుకుంటున్నాం.